పదకొండో బీడీ

రెండో బీడీ ఆదివారం పొద్దున్నే దొరికింది.

జగిత్యాల సబ్‌జైల్లో ఆరింటికి ఖైదీలను లెక్కపెట్టడం హెడ్‌వార్డర్ ప్రేమ్‌సాగర్ పని. చివరి సెల్ దగ్గర ఆగాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల సంపత్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతనికీ తలుపుకీ మధ్య, కడిగిన గచ్చు మీద, వెలిగించని బీడీ ఒకటి పడి ఉంది. గులాబీరంగు దారం చుట్టిన బీడీ.

శనివారం కూడా సరిగ్గా అక్కడే, అలాంటిదే ఒకటి. ఎవడో ఊచల సందులోంచి విసిరాడనుకుని ప్రేమ్‌సాగర్ దాన్ని చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో బల్ల సొరుగులో పడేశాడు. ఇవాళ అలా అనుకోవడానికి లేదు. ఆ సెల్‌కు కిటికీ లేదు, రాత్రంతా నడవ గేటు తాళం తీయలేదు.

మూడేళ్ల క్రితం కోరుట్లలో, చనిపోయిన అన్న భార్య విజయను, ఆమె ఆరేళ్ల కూతురు నవతను గొంతు నులిమి చంపాడని శుక్రవారం నాడే జిల్లా కోర్టు సంపత్‌ను దోషిగా తేల్చింది. శిక్ష ఏమిటో మంగళవారం చెబుతారు. పసిపిల్లను చంపినవాడికి ఉరి తప్ప ఇంకేదీ వద్దని కోరుట్లలో ర్యాలీ కూడా తీశారు. ఆలోపు ఇతను తన ప్రాణం తాను తీసుకోకుండా ఒంటరి సెల్‌లో పెట్టి, ఎదురుగా కెమెరా బిగించారు.

"ఎవడు తెచ్చిండ్రా?" అడిగాడు ప్రేమ్‌సాగర్.

"నాకు తెల్వది సార్. లేచేసరికి ఉన్నది."

"నిన్న గట్లనే అన్నవు."

"నిన్న గూడ లేచేసరికే ఉన్నది."

"బీడీకి కాళ్లున్నయా? నడుసుకుంట వచ్చెనా?"

"నేను తాగ సార్. మాది సిరిసిల్లల వైపని. బీడీ ముట్టనియ్యరు. ఒక్క నిప్పురవ్వ పడ్డా బీమంత బుగ్గే."

మరమగ్గం మీద నూలు బీము అయిపోతే కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా పాతవాటికి మెలిపెట్టి అతకడమే వైపని. వేల పోగులు. ఇప్పుడు కూడా సంపత్ వేళ్లు ఊరుకోలేదు. కంబళి అంచు దారాలు రెండేసి పట్టుకుని మెలిపెడుతున్నాయి. ఈ వేళ్లు బీడీ చుట్టలేవా? ఆకు, దారం ఎవరైనా అందిస్తే చుట్టగలవు. ప్రేమ్‌సాగర్ సెల్ అంతా వెతికాడు. కంబళి దులిపాడు, నీళ్ల బకెట్ బోర్లించాడు. ఆకు ముక్క కూడా దొరకలేదు.

తాళం వేస్తుంటే సంపత్ మెల్లగా అన్నాడు. "సార్, మీ అవ్వ పేరు ఐలవ్వ గదా?"

ప్రేమ్‌సాగర్ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. ఈ కేసులో ముఖ్య సాక్షి ఐలవ్వే. ఆ ఐలవ్వ తన తల్లి అని జైల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే డ్యూటీ మారుస్తారని, ప్రశ్నలు వస్తాయని దాచాడు.

"నీకెవడు చెప్పిండు?"

"ఆమె సాక్ష్యం చెప్పిన్నాడు మీ బండి మీదనే ఎక్కిపోయింది. జీపుల నుంచి చూసిన. నేను ఎవ్వరికి చెప్పలే సార్."

ఇది వినయమా, బెదిరింపా? ప్రేమ్‌సాగర్ ఆఫీసు గదికి వెళ్లి కెమెరా రికార్డు తిప్పి చూశాడు. తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలకు గచ్చు ఖాళీ. మరుక్షణం బీడీ ఉంది. ఆ రెండిటి నడుమ ఎవరూ రాలేదు. సంపత్ అటు తిరిగి పడుకునే ఉన్నాడు.

కెమెరాను కూడా ఎవడో కెలికాడనుకున్నాడు. మనిషి చేయగలిగిన మోసం ఉండగా వేరేది నమ్మే అలవాటు అతనికి లేదు. సంపత్ మనుషులు సాక్షిని భయపెట్టడానికి ఏదో ఆట మొదలుపెట్టారు. అంతే.

రెండు బీడీలనూ రిజిస్టర్‌లో రాయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. పదహారేళ్ల సర్వీసులో అలా చేయడం అదే మొదటిసారి.

డ్యూటీ దిగగానే సిరిసిల్ల బస్సెక్కాడు. శుక్రవారం సాయంత్రం ఖైదీని చూసే ములాఖత్‌కు వచ్చింది సంపత్ తల్లి కనకవ్వ ఒక్కతే. అనుమానించాల్సింది ముందు ఆమెనే.

సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు ఆ గల్లీలో మాట వినబడదు. కనకవ్వ గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ప్రేమ్‌సాగర్ ఇల్లంతా కళ్లతో గాలించాడు. బీడీల చాట లేదు, ఆకు లేదు, కత్తెర లేదు.

"నీ కొడుక్కు బీడీలు పంపుతున్నవా అవ్వా?"

"బీడీలా? ములాఖత్‌ల నా కొంగుముడి గూడ ఇప్పి చూసిండ్రు గద సారూ మీవోళ్లు. ఏడ దాసుకొని తెత్తు?" ఆమె చెయ్యి ఆగలేదు. "బీడీ గాదు, బువ్వ తెత్తనంటెనే వద్దన్నరు."

పక్క షెడ్డులోంచి చేతులకు బూడిద అంటిన మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. పోగులు మెలిపెట్టేటప్పుడు వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. అతని పేరు అరవింద్. సంపత్‌కు వైపనిలో జోడీ.

"జైలాయననా? అయితె నా ముచ్చట గూడ రాసుకోండ్రి సార్. గా దినం రెండున్నర దాంక సంపత్ నా పక్కనే కూసొని పోగులతికిండు. షెడ్డుల పదిమంది చూసిండ్రు."

"కోర్టుల చెప్పకపోయినవ్?"

"చెప్పకేంది? చెప్పిన. సర్కారు వకీలు నవ్విండు. విజయ నాలుగింటికి కార్ఖానకు పోయి బీడీలిచ్చింది, బతికే ఉన్నది, నీ రెండున్నర ముచ్చట ఎవనిక్కావాలె అన్నడు. సంపత్ నాలుగున్నరకు కోరుట్లల బస్సు దిగిండు. ఐదింటికి ఆ ఇంట్లకెళ్లి బయటికి ఉరికిండు. ఇంక మాదేం నడుస్తది?"

"చచ్చిపోయినోళ్లను చూసి భయపడి ఉరికిండు నా కొడుకు," అంది కనకవ్వ. "ఉరుకుడే వాడు జేసిన తప్పు. నాలుగింటికి ఆమె బతికున్నదని చెప్పింది ఒక్క ముసల్దే సారూ. ఆమె పక్కపొంటి ఉండి చూసిందట. ఏం చూసిందో ఏమో."

ప్రేమ్‌సాగర్ నీళ్లు కూడా తాగకుండా లేచాడు. వేములవాడలో బస్సు మారి కోరుట్ల చేరేదాకా ఆ మాటే చెవుల్లో తిరిగింది. హత్య మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం ఆరుకూ మధ్య జరిగిందని డాక్టరు చెప్పాడు. ఆ ఆరుగంటలను గంటకు కుదించింది ఐలవ్వ మాటే.

ఐలవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొడుకును చూసి నవ్వింది. ప్రేమ్‌సాగర్ జేబులోంచి ఒక బీడీ తీసి ఆమె చాటలో వేశాడు.

ఆమె చేతిలోని కత్తెర జారింది.

"గిది యేడిది నీకు?"

"ఎవరి చెయ్యో చెప్పు ముందు."

ఐలవ్వ దాన్ని ముట్టుకోలేదు. కానీ చూపు తిప్పుకోలేకపోయింది. బీడీ చుట్టే ఆడవాళ్లకు ఒకరి చెయ్యి ఒకరికి తెలుసు. ఆకు మడత, మూతి నొక్కు, దారం చుట్లు మనిషికో తీరు. ఈ బీడీ దారం అందరికీ ఎదురు దిక్కున తిరిగింది. ఎడంచేతి వాటం.

"నాకు తెల్వది."

"అవ్వా, విజయది ఎడమ చెయ్యి గదా?"

"తెల్వదంటె వినవేంది? గీ గులాబీ దారం గిప్పుడు యేడ దొర్కుతది? కంపెనీ రెండేండ్ల కిందనే పచ్చదారం జేసింది." అనేసి ఆమె నోరు నొక్కుకుంది. వేరే గొంతుతో అంది. "ఆ పోరి నవత నా పక్కన కూసొని, నేను గూడ చుడుతనని కత్తెర గుంజుకుంటుండె. పారెయ్యి కొడుకా దాన్ని. పారెయ్యి."

ప్రేమ్‌సాగర్ పారెయ్యలేదు, మళ్లీ జేబులో వేసుకున్నాడు. తల్లి అబద్ధం చెప్పినప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో బియ్యం లేనప్పుడు "నేను తిన్న కొడుకా" అని చెప్పేది. అదే ముఖం.

సోమవారం పొద్దున మూడో బీడీ వచ్చింది.

ఈసారి అతను సంపత్‌ను ఏమీ అడగలేదు. మధ్యాహ్నం కోరుట్ల వెళ్లి నేరుగా బీడీ కార్ఖానాలో జలపతి ముందు కూర్చున్నాడు. జలపతి అక్కడ చాటన్. ఆడవాళ్లు తెచ్చిన బీడీలను ఏరి, మంచివి తీసుకుని, బాగాలేనివి తీసి పారేసే మనిషి. నాలుగువందల మంది చేతులు అతనికి గుర్తు. కళ్లు మూసుకుని తడిమి పేరు చెబుతాడని పేరు.

"ఏం తమ్మీ, పోలీసు బట్టలేసుకోని మా కార్ఖానకు? ఎవరన్న పారిపోయిండ్రా?"

"జైలు బట్టలన్నా ఇవి. గీ బీడీ ఎవరు చుట్టిండ్రో చెప్పరాదు."

జలపతి బీడీని వెలుతురుకు పెట్టి చూశాడు. అతని చెవుల వెనక చెమట పట్టింది.

"తెల్వది."

నిన్న ఐలవ్వ అన్నదీ ఇదే మాట. ఇదే తొందర.

"ఇరవై ఏండ్ల చాటన్‌వు. నీకు తెల్వదా? ఎడంచేతి చుట్టు."

"దునియల ఎడంచేతోళ్లు మస్తుమంది తమ్మీ." బీడీని తిరిగి ఇవ్వలేదు, గుప్పిట్లో పెట్టుకున్నాడు. ప్రేమ్‌సాగర్ చెయ్యి చాపేదాకా ఇవ్వలేదు. "యేడ దొర్కింది?"

"జైల్ల. సంపత్ సెల్‌ల."

"ఒక్కటేనా? మిగతా పది?"

"ఒక్కటే," అన్నాడు ప్రేమ్‌సాగర్.

బండి స్టార్ట్ చేసి చౌరస్తా దాటాక బ్రేకు వేశాడు. వెనక ఆటోవాడు తిట్టాడు. వినిపించలేదు. మిగతా పది అంటే మొత్తం పదకొండు. పదకొండు అని జలపతికి ఎవరు చెప్పారు?

ఇంటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. "అవ్వా, ఆ దినం విజయ నాలుగింటికి నీతోని కార్ఖానకు వచ్చిందా?"

"వచ్చింది."

"నా మీద ఒట్టు."

ఐలవ్వ గోడకు జారగిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చివరికి చెప్పింది.

కంపెనీ పనివాళ్లకిచ్చే బీడీ కార్డు ఐలవ్వకు లేదు. కొత్త కార్డులు ఇవ్వడం కంపెనీ ఎప్పుడో మానేసింది. అందుకే పదిహేనేళ్లుగా విజయ కార్డు మీదే ఇద్దరూ చుట్టేవాళ్లు. ఆ వాడలో సగం ఇళ్లలో అంతే. ఒక కార్డు, రెండు చేతులు. కార్డు ఐలవ్వ దగ్గరే ఉండేది, రోజూ ఇద్దరి బీడీలూ తనే కార్ఖానాలో ఇచ్చివచ్చేది. ఆ రోజు మూడున్నరకు వెళ్లి పిలిస్తే విజయ తలుపు తీయలేదు. ఒంటిపూట బడి కదా, పిల్లా తల్లీ పడుకున్నారనుకుంది. తన బీడీలు మాత్రమే తీసుకుని పోయింది.

"జలపతి కార్డు మీద విజయ వచ్చి ఇచ్చినట్టు రాసిండు. తెల్లారి పోలీసోళ్లు వచ్చినంక నాతోని అన్నడు. విజయ నాతోనే వచ్చిందని చెప్పు, లేకుంటె ఒకళ్ల కార్డు మీద ఇంకొకళ్లు చుట్టుడు బయటవడ్తది, వాడ మొత్తం కార్డులు పోతయి, పింఛన్లు పోతయి, అందరు నిన్నే తిడ్తరు అన్నడు. సంపతే చంపిండని అందరన్నరు కొడుకా. చంపినోడు వాడే అయినంక టైము ఎంతయితె ఏందనుకున్న."

"వాడు మధ్యాహ్నం సిరిసిల్లల ఉన్నడు అవ్వా. టైమే వాని పానం."

"నాకేం ఎరుక?"

"రేపు జడ్జి ముంగట గిదే చెప్పు."

"చెప్పితె నన్ను జైల్ల ఎయ్యరా? నీ నౌకరి ఉంటదా? సాక్షి కొడుకువై ఉండి వానికి కావలి ఉంటున్నవని అడగరా?" ఆమె గొంతు గట్టిపడింది. "నువ్వు చెప్పినా నేను లేదంట. పో."

ప్రేమ్‌సాగర్ వాకిట్లోకి వచ్చాడు. తల్లి ఒప్పుకోకపోతే అతని మాటకు విలువ లేదు. చేతిలో ఉన్నవి మూడు బీడీలు. వాటిని పట్టుకుని జడ్జి ముందు నిలబడి ఏమని చెప్పాలి? నిజానికి నోరు మూసుకుంటే తల్లీ, ఉద్యోగమూ రెండూ మిగులుతాయి. అలా ఆలోచించినందుకు తనమీద తనకే అనుమానం వచ్చింది.

మంగళవారం ఆరింటికి సెల్ ముందు నిలబడ్డాడు. గచ్చు మీద ఎనిమిది బీడీలు వరసగా ఉన్నాయి. మూడూ ఎనిమిదీ పదకొండు.

ఏడు విజయ చేతివే. ఎనిమిదోది చిన్నది, లావుగా, వంకరగా ఉంది. మూతి మూసుకోలేదు. దారం మాత్రం ఊడిపోతుందేమోనన్న భయంతో చుట్టినట్టు పది చుట్లు చుట్టి ఉంది.

సంపత్ ఊచలు పట్టుకుని దానివైపే చూస్తున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గది మా నవతది సార్," అన్నాడు. "నేనెప్పుడు పోయినా, బాబాయ్ నేను జేసిన బీడీ చూడు అని తెచ్చేది."

ప్రేమ్‌సాగర్ తాళం తీసి, పదకొండింటినీ రుమాలులో కట్టుకున్నాడు.

కోర్టు వరండాలో ఐలవ్వ ముందే ఉంది. జలపతే ఆటో మాట్లాడి తీసుకొచ్చాడు. "తీర్పు విందాం రా ఐలవ్వా" అన్నాడట. ఆమె పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మూడేళ్లలో ఏ వాయిదాకూ రాని మనిషి.

ప్రేమ్‌సాగర్ మోకాళ్ల మీద కూర్చుని తల్లి ఒళ్లో రుమాలు విప్పాడు. అన్నిటినీ పక్కకు జరిపి వంకర బీడీని ఆమె అరచేతిలో పెట్టాడు.

ఐలవ్వ దాన్ని బొటనవేలితో తడిమింది. 

"నా బీడీ గూడ కట్టల పెట్టు ఐలమ్మమ్మా అనేది," అంది. "పెట్టేదాన్ని. కార్ఖానల ఈయన రోజు తీసి పారేసేటోడు." తల తిప్పి జలపతిని చూసింది. "గిది ఆ దినంది. పొద్దుగాల నా ముంగటనే మొదలుపెట్టింది. తెగిన దారానికి నేనే ముడేసిన. గీ ముడి నాదే."

"ముసల్దానికి మతి పోయింది," అన్నాడు జలపతి లేస్తూ. "తమ్మీ, ఇంటికి తీస్కపో."

"జలపతన్నా, పదకొండని నీకెవరు చెప్పిండ్రు?"

జలపతి ముఖం తిప్పుకున్నాడు. లోపల నుంచి కేసు పిలిచారు.

శిక్ష గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా అని జడ్జి సంపత్‌ను అడిగే సమయానికి, వెనక బెంచీల్లోంచి ఒక ముసలిగొంతు లేచింది. జవాన్లు ఆపబోయారు. ఐలవ్వ వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చింది.

"సారూ, నేను అవద్దం చెప్పిన. విజయ కార్ఖానకు రాలే. మూడున్నరకు నేను పిలిస్తెనే పలుకలే."

కోర్టు హాలు గోలగోలైంది. జడ్జి అందరినీ ఊరుకోబెట్టి, ఆమెను బోనులోకి రమ్మని, నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం అబద్ధమంటే నిన్ను కూడా జైల్లో పెట్టవచ్చు. తెలుసా?"

"ఎరుకనే సారూ. నా కొడుకు నౌకరి జైల్లనే."

ఎవరూ నవ్వలేదు. ఆమె కార్డు సంగతి, రిజిస్టర్ సంగతి, జలపతి నేర్పిన మాట, అన్నీ చెప్పింది. జడ్జి శిక్ష ప్రకటన ఆపి, వాంగ్మూలం రాయించాడు. మళ్లీ సంపత్‌ను అడిగాడు, ఏమైనా చెబుతావా అని.

సంపత్ ఐలవ్వవైపు తిరిగాడు. ఆమె వల్ల మూడేళ్లు పోయాయి, ఇవాళో రేపో మెడకు తాడు పడేది.

"ఆమెను జైల్ల ఎయ్యద్దు సార్," అన్నాడు. "మా వదినకు పదిహేనేండ్లు తోడున్నది ఆమెనే. నాకు గంతే చాలు."

ఐలవ్వ బోను అంచు పట్టుకుని అలాగే కూలబడింది.

జలపతిని కోర్టు గేటు దాటకముందే పట్టుకున్నారు. పోలీసులు కేసు మళ్లీ తవ్వారు. కార్ఖానాలో గోడకు పేర్చిన యాభై చాటల్లో కిందిదాని అడుగున, బలపంతో వంకరగా నవత పేరు రాసి ఉంది. చాటల నడుమ చాటను ఎవరు వెతుకుతారు? విజయ బీడీలను నెలలపాటు కావాలని తీసి పారేసి, తన మాటకు లొంగితేనే తీసుకుంటానన్నాడు జలపతి. ఆమె కంపెనీకి చెబుతానంది. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లాడు. పిల్ల బడి నుంచి అప్పుడే వచ్చింది. ఆ రోజు విజయ చుట్టిన బీడీలు ఇంట్లో కనబడితే ఆమె కార్ఖానాకు రాలేదని తెలిసిపోతుందని చాటతో సహా తీసుకుపోయాడు. పొయ్యిలో వేసేముందు, కట్టలు పోను విడిగా మిగిలినవాటిని అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. పదకొండు.

పొయ్యిలో కాలిపోయిన బీడీలు సెల్లోకి ఎలా వచ్చాయని ఎవరూ రాసుకోలేదు. ప్రేమ్‌సాగర్‌ను ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఐలవ్వ మీద కేసు పెట్టారు, బెయిలొచ్చింది. హైకోర్టు కేసు కొట్టేశాక సంపత్ బయటికి వచ్చిన రోజు కనకవ్వ కోరుట్ల వెళ్లి ఆమె వాకిట్లో కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ప్రేమ్‌సాగర్‌కు తెలియదు.

తల్లి సంగతి దాచినందుకు అతనికి బదిలీ ఆర్డరు వచ్చింది. చివరి డ్యూటీ రోజు పొద్దున లెక్క చూస్తూ చివరి సెల్ దగ్గరికొచ్చాడు. లోపల జలపతి, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు. ప్రేమ్‌సాగర్ గచ్చు మీదికి చూశాడు. శుభ్రంగా, ఖాళీగా ఉంది. ఆకు ముక్క కూడా లేదు.

"తమ్మీ, నన్ను వేరే రూముల ఎయ్యమని చెప్పరాదు."

"ఎందుకు? ఇక్కడేమున్నది?"

జలపతి గోడవైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఏం లేదా? మరి తెల్లార్లు నా చెవుల పక్కన ఆకు కత్తిరిస్తున్నది ఎవరు?"